మహారాజు శంఖం, మైలపడిన లంక

పగడాల తిన్నెలు, పచ్చని మొగలి పొదలు, కెరటం వెనక్కి తగ్గినప్పుడల్లా ఇసుకలో మిలమిలలాడే గవ్వల బారులు, నీలాలను కరిగించి పోసినట్టున్న నీళ్ళు! తూర్పు సముద్రంలో రత్నగోపుర రాజ్యానికి ఎదురుగా పరుచుకున్న పదకొండు లంకల అందం చెప్పడానికి వంద పద్యాలైనా చాలవు. ఆస్థానకవులు ఆ వంద పద్యాలూ రాశారు. కాని ఆ లంకల్లో మనుషులు ఉంటారనీ, వాళ్ళకీ జ్వరాలు వస్తాయనీ ఒక్క పద్యంలోనైనా రాసిన పాపాన పోలేదు.

రెండు వారాలుగా ఆ లంకలను మూగజ్వరం పీల్చి పిప్పి చేస్తోంది. మొదటిరోజు గొంతు బొంగురుపోతుంది. మర్నాటికి మాట పడిపోతుంది. ఆ పైన గొంతులో తెల్లటి పొర పట్టి ఊపిరి ఆడదు. అప్పటికే రెండు వందల పాడెలు లేచాయి. మరి మహారాజు ప్రతాపధవళుడు ఏం చేశాడు? మందులు పంపాడా? వైద్యులను పంపాడా? అబ్బే! ఆస్థాన మాంత్రికుడు ఘోరకుంతలుణ్ణి పిలిచి "ఇది ఎవరి పని?" అని అడిగాడు. ఘోరకుంతలుడు నిప్పుల్లో పిడికెడు సాంబ్రాణి వేసి, కళ్ళు మూసి తెరిచి, "తెప్పజనం పని" అన్నాడు. విచారణ అంతటితో అయిపోయింది!

తెప్పజనం అంటే సొంత లంక లేనివాళ్ళు. తెప్పల మీదే పుట్టి, తెప్పల మీదే వండుకు తిని, లంక నుంచి లంకకు మంచినీళ్ళ కుండలు మోసి బతికేవాళ్ళు. వాళ్ళు ఒక్కపూట రాకపోతే నాలుగు లంకల్లో గొంతు తడిసే దారి లేదు. అలాంటివాళ్ళను మూడు వందల మందిని, ముసలివాళ్ళతో, చంటిపిల్లలతో సహా పట్టి తెచ్చి ఉప్పుదిబ్బ అనే ఇసుకమేట మీద గొలుసులతో కట్టేశారు. పున్నమి పోటుకు ఉప్పుదిబ్బ మీద నిలువెత్తు నీళ్ళు నిలుస్తాయి. ఆ పున్నమి ఇవాళే. పొద్దు వాలేసరికి పోటు నిండుతుంది. "మన కత్తికి నెత్తురు అంటకుండా శిక్ష పడుతుంది ప్రభూ!" అన్నాడట ఘోరకుంతలుడు. మహారాజు తల ఊపాడట. వింటుంటేనే అరికాలి మంట నెత్తికెక్కడం లేదూ?

ఇంకో ఆజ్ఞ కూడా ఉంది. లంకల్లో ఏ వైద్యుడైనా కాలు పెడితే తల తీయాలి. మందు వాసన తగిలితే మాంత్రికుడి ప్రయోగం చెడిపోతుందట!

అయినా ఒక వైద్యుడు కాలు పెట్టాడు. రాజవైద్యశాలలో మూలికలు నూరే సేవకుడి కొడుకు కేయూరుడు, గాజుల మలారం భుజాన వేసుకుని, నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని, "గాజులో... గాజులూ!" అని అరుచుకుంటూ ఎనిమిది లంకలు తిరిగాడు. గాజులవాణ్ణి ఏ ఊరూ ఆపదు. పైగా గాజులు తొడిగేవాడు మణికట్టు పట్టుకుంటే ఎవరూ తప్పు పట్టరు. నాడి చూడడానికి అంతకంటే మంచి వేషం ఏముంది!

అతని పడవ నడుపుతున్నది గంగాలు. యాభై దాటిన మనిషి, తెప్పజనం బిడ్డ. గడ్డం మీద తెప్పజనం పచ్చబొట్టు కనబడకుండా పసుపు దట్టంగా పూసుకుని గాజులవాడి తల్లిలా నటిస్తోంది. ఆమె కూతురు నూకాలు, పన్నెండు రోజుల పసికందుతో ఉప్పుదిబ్బ మీద గొలుసుల్లో ఉంది.

ఆ ఉదయం వాళ్ళు తొమ్మిదోదైన పీతలంకలో దిగారు. ఒక పూరింటి గుమ్మంలో పోలమ్మ అనే ఇల్లాలు చెయ్యి చాచి కూర్చుంది. లోపల ఆమె మొగుడు జ్వరంతో పడి ఉన్నాడు. నిన్నటి నుంచి మాట లేదు.

"ఎర్రగాజులే తొడుగు బాబూ. ఎన్నాల్లుంటాయో ఏటో ఈ సేతులికి," అని ఆమె కళ్ళు ఒత్తుకుంది.

కేయూరుడు ఆమె నాడి చూశాడు. జ్వరం లేదు. ఎనిమిది లంకల్లో అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడిగాడు. "ఈ లంకలో ముందుగా పడ్డది ఎవరమ్మా?"

"మా ఆయనే. ఆయన్తో పాటు ఇంకో ఆరుగురు. అందరూ ఉక్కుముక్కల్లాంటోల్లే."

"ఆ జ్వరానికి నాలుగైదు రోజుల ముందు ఏం తిన్నారు? ఎవరి నీళ్ళు తాగారు?"

"అందరం తిన్నదే తిన్నారు, తాగిందే తాగినారు."

ప్రతి లంకలోనూ ఇదే జవాబు! చేపల గురించి చెప్పారు, గాలి గురించి చెప్పారు, దిష్టి గురించి చెప్పారు. కాని ముసలివాళ్ళనూ పిల్లలనూ వదిలి కండలు తిరిగిన ఏడుగురినే జ్వరం ముందుగా ఎందుకు పట్టుకుంటోందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంకో చిక్కు గుల్లలంక. తెప్పజనంలో పెద్దాయన ఒకడు గుల్లలంకలో చనిపోతే తెప్పలన్నీ పగలు నీళ్ళు మోసి వచ్చి రాత్రికి అక్కడే పది రోజులు లంగరు వేశాయి. లంకవాళ్ళూ తెప్పలవాళ్ళూ ఒకే కుండలో నీళ్ళు తాగారు, ఒకే పందిట్లో తిన్నారు. గుల్లలంకలో ఒక్కడికి గొంతు నొప్పైనా రాలేదు! తెప్పజనమే జ్వరం మోస్తుంటే గుల్లలంకలో మనిషి మిగలకూడదు కదా? ఈ మాట అడగడానికి మాంత్రికుడు కానక్కర్లేదు. బుర్ర ఉంటే చాలు.

"గుల్లలంకలో ఈ జ్వరం లేదు తెలుసా?" అన్నాడు కేయూరుడు గాజు ఎక్కిస్తూ.

పోలమ్మ మూతి విరిచింది. "జొరం నేకపోతే నేదు గానీ, ఆల్లకి మన పాటి బాగ్గెం ఏదీ? మైలలో ఉన్నారని రాజుగారి శంకం ఆ లంకలో దిగనేదు. మాకాడ దిగింది. మా ఆయన ఊదితే అవతలి లంక దాకా ఇనబడింది!"

కేయూరుడి చెయ్యి ఆమె మణికట్టు మీద అలాగే నిలిచిపోయింది.

మహారాజుకు లేకలేక కొడుకు పుట్టి ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజు. రాజ్యంలో వారసుడు పుట్టినప్పుడు రాజశంఖాన్ని లంక లంకకూ ఊరేగిస్తారు. ప్రతి లంకలోనూ మంచి రొమ్ము బలం ఉన్న ఏడుగురిని ఏరి, ఒకరి తర్వాత ఒకరిచేత అదే శంఖం ఊదిస్తారు. ప్రజల ఊపిరి యువరాజుకు ఆయుష్షు పోస్తుందని నమ్మకం. ఊరేగింపు పూర్తయ్యేదాకా ఆ శంఖాన్ని కడగకూడదు. కడిగితే పట్టిన ఊపిరి పోతుందట! పట్టిన ఊపిరి!

"శంఖం మీ లంకకు వచ్చి ఎన్నాళ్ళయింది?" అన్నాడు కేయూరుడు.

"ఆరు దినాలు."

"మీ ఆయన పడింది?"

"మొన్న."

నాలుగో రోజు! కేయూరుడు ఎనిమిది లంకలూ వరసగా గుర్తు చేసుకున్నాడు. అన్నిటికంటే ముందు జ్వరం పడ్డ కాకిలంకలో శంఖం ఊదినవాళ్ళలో ఒకడికి ఆ పూటే గొంతు బొంగురుగా ఉందట. పిల్లలు అతని ఊదుడు చూసి నవ్వారట కూడా. అక్కడి నుంచి శంఖం ఏ వరసలో వెళ్ళిందో జ్వరం అదే వరసలో వెళ్ళింది. గుల్లలంకకు శంఖం రాలేదు, జ్వరమూ రాలేదు. ఇన్ని లంకల్లో ఇంతమందిని అడిగితే ఒక్కరూ శంఖానికీ జ్వరానికీ ముడి పెట్టకపోవడం వింత కాదు. శుభం అనుకున్నదాన్ని ఎవరైనా అనుమానిస్తారా? ఏడుపుకు కారణం వెతికేవాడు పండగను తప్పు పడతాడా?

"ఇంకో మాట చెప్పు పోలమ్మా. శంఖం ఊదినప్పుడు ఘోరకుంతలుడు ఎక్కడున్నాడు?"

"ఆ సాములోరా? దూరంగా గాలికి ఎదురుగా నిలబడ్డారు, ముక్కుకీ మూతికీ పట్టుగుడ్డ కట్టుకుని. శంకాన్ని కూడా గుడ్డ నేకుండా ముట్టుకోనేదు."

అంటే వాడికి తెలుసు! తెలిసీ శంఖాన్ని తిప్పాడు. తెలిసీ తెప్పజనం మీద నింద వేశాడు. కేయూరుడికి ఒళ్ళు మండిపోయింది. కాని లోపల ఒక మనిషి ఊపిరికి అల్లాడుతున్నాడు. వైద్యుడు అన్నవాడు అది విని ఊరికే లేచిపోగలడా? మలారం అడుగున దాచిన మూట విప్పి పిప్పళ్ళు, అడ్డసరం, ఇంకా నాలుగు వేర్లు తీసి పోలమ్మ చేతిలో పెట్టాడు.

"ఇవి మరిగించి ఆవిరి పట్టించు. అతని చెంబు ఇంకెవరూ ముట్టకూడదు. పిల్లల్ని దగ్గరికి రానీయకు. నీ మూతికి గుడ్డ కట్టుకునే సేవ చెయ్యి."

"నువ్వు గాజులోడివి కావేటి బాబూ?" అని పోలమ్మ నోరెళ్ళబెట్టింది. అప్పటికే కేయూరుడు ఒడ్డుకు పరుగెత్తుతున్నాడు.

విప్పిన మూట వాసన గాలిలో కలిసింది. పీతలంక కొసన దీపస్తంభం మీద ఘోరకుంతలుడు కాపలా పెట్టిన ధూమపక్షి ఆ వాసన పసిగట్టింది. వాడి హోమగుండంలోంచి పుట్టిన పక్షి అది. రెక్కలు చాస్తే రెండు తాటిచెట్ల వెడల్పు, ఒళ్ళంతా నల్లటి పొగ, కళ్ళు మాత్రం కణకణలాడే రెండు నిప్పులు. "క్రేంకృత్!" అని ఒక్క అరుపు అరిచి, అప్పుడే ఒడ్డు వదిలిన వాళ్ళ పడవ మీదికి దూకింది.

ఆ రెక్క తగిలిన తెరచాప భగ్గుమంది. కేయూరుడు పడవలో దాచిన కత్తి దూసి కొట్టాడు. పొగను కత్తి ఏం చేస్తుంది? ఇటు నుంచి అటు పోయింది. పక్షి గోళ్ళు అతని భుజం మీద నాలుగు వాతలు పెట్టాయి. జుట్టు మాడిన కంపు గుప్పుమంది.

"కత్తి ఆడించింది సాలు! ఊపిరి బిగబట్టు!" అని అరిచి గంగాలు పడవ అంచు మీద రెండు కాళ్ళతో ఎగిరి దూకింది. పడవ బోర్లాపడింది. గాజులు, మలారం, కత్తి, వేషం, అన్నీ సముద్రం పాలయ్యాయి. బోర్లాపడిన పడవ కింద మూరెడు గాలి మిగులుతుంది. తెప్పజనం తుపాను వస్తే అలాగే తలదాచుకుంటారు. ఇద్దరూ ఆ గాలిలో తలలు పెట్టి, పడవను లోపలి నుంచి పట్టుకుని కాళ్ళతో ఈదుకుంటూ పోయారు. ధూమపక్షి పైన తిరిగి తిరిగి, కోపం పట్టలేక పడవ అడుగును తన్నబోయి కెరటంలో దిగబడింది. "సుయ్య్"మని శబ్దం వచ్చింది. కాసేపటికి నీటి మీద బూడిద తెట్టు మాత్రం మిగిలింది.

పడవను తిరగేసి ఎక్కాక కేయూరుడు శంఖం సంగతంతా చెప్పాడు.  గంగాలు సముద్రంలోకి తుపుక్కున ఉమ్మేసింది.

"నీల్లు మోసినోల్లం మేము. రోగం మోసింది రాజుగారి శంకం. సచ్చేది మేము. బాగుంది నాయినా నాయం!" అని తెడ్డు వేసింది.

వాళ్ళు ఉప్పుదిబ్బ చేరేసరికి నీళ్ళు నడుముల దాకా వచ్చాయి. మగవాళ్ళు ముసలివాళ్ళను భుజాల మీదికి ఎత్తుకున్నారు. తల్లులు పిల్లల్ని నెత్తి మీద పెట్టుకున్నారు. గొలుసులు నీళ్ళ కింద రాళ్ళకు బిగించి ఉన్నాయి. నూకాలు పొట్టి మనిషి. నీళ్ళు ఆమె రొమ్ముల దాకా ఉన్నాయి. రెండు చేతులూ పైకెత్తి పసిదాన్ని పట్టుకుని ఉంది.  కాస్త దూరంలో రాజనౌక మీద వెండిగొడుగు నీడన దళవాయి భీమరథుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా పళ్ళెంలో ద్రాక్షపళ్ళు! మనుషులు మునుగుతుంటే చూస్తూ ద్రాక్షపళ్ళు తినే గొంతు ఎలాంటి గొంతో మరి!

కేయూరుడు తాడు పట్టుకుని నౌక మీదికి ఎగబాకాడు.

"దళవాయీ! నేను వైద్యుణ్ణి. లంకల్లో కాలు పెట్టాను. నా తల తీయాలంటే తీయి. ముందు నా మాట విను. ఈ జ్వరం తెప్పజనానిది కాదు!"

పది కత్తులు అతని మెడ చుట్టూ నిలిచాయి. కేయూరుడు లెక్కచేయకుండా తొమ్మిది లంకల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఎవరు ముందు పడ్డారో చెప్పాడు, ఎన్నో రోజు పడ్డారో చెప్పాడు, మైలపడిన గుల్లలంక ఎందుకు బతికిపోయిందో చెప్పాడు, అంతా తెలిసిన ఘోరకుంతలుడు ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకున్న సంగతీ చెప్పాడు.

భీమరథుడు అంతా విన్నాడు. అతను తెలివితక్కువవాడు కాదు. చెప్పినదాంట్లో నిజం ఉందని అతని కళ్ళే చెప్పాయి. కాని ఏమన్నాడో వినండి.

"నిజమే కావచ్చు. కాని ముద్ర వేసిన ఆజ్ఞ నా దగ్గరుంది. నీ మాటకు ముద్ర ఉందా? రేపు సభలో చెప్పుకో. విచారిస్తారు."

"రేపా? రేపటికి వీళ్ళు ఉంటారా?"

"పోటు రావడం నా చేతిలో ఉందా వైద్యుడా?" అని దళవాయి ఇంకో ద్రాక్షపండు అందుకున్నాడు.

 "గొలుసు నీ చేతిలో ఉంది కదయ్యా! తాళంచెవి నీ మొలలోనే ఉంది కదా! మూడు వందల ప్రాణాల కంటే ఆ లక్క ముద్ర బరువైపోయిందా?" అని అరిచాడు కేయూరుడు. భటులు అతన్ని మోకాళ్ళ మీదికి తోశారు. కింద కూర్చోగానే అతనికి ఒక అనుమానం చురుక్కుమంది.

"శంఖం ఎక్కడుంది?"

"ఊరేగింపు నిన్నటితో ముగిసింది. ఘోరకుంతలులవారే స్వయంగా రత్నగోపురం తీసుకుపోయారు," అన్నాడు భీమరథుడు. "ఇవాళ ఇరవై ఒకటో రోజు కదా. సాయంత్రం గోధూళివేళ యువరాజులవారికి..."



ఇరవై ఒకటో రోజు సాయంత్రం, ఊరేగి వచ్చిన ఆ శంఖంలోనే ఆవుపాలు పోసి, ఆ శంఖం మూతినే పసివాడి పెదవులకు ఆనించి మొదటి ఉగ్గు పడతారు. కడగని శంఖంతో. డెబ్బై మంది ఊదిన శంఖంతో.

దళవాయి చేతిలో ద్రాక్షపండు జారి దొర్లిపోయింది. "ఘోరకుంతలుడికి తెలుసన్నావు కదూ? గుడ్డ కట్టుకున్నాడన్నావు కదూ?"

"తెలుసు. మహారాజుకు ఇంకో వారసుడు లేడు. ఆ పసివాడు పోతే సింహాసనం పక్కన ఆ మాంత్రికుడు తప్ప ఇంకెవరు మిగులుతారో నువ్వే ఆలోచించుకో."

భీమరథుడు కుర్చీ తన్నేసి లేచాడు. "లంగరు ఎత్తండి! తెరచాపలు! తెడ్లన్నీ వేయండి! రత్నగోపురానికి!" అని గావుకేకలు పెట్టాడు. చూశారా? మూడు వందల మంది కోసం అంగుళం కదలని కాళ్ళు, ఒక్క ఉగ్గుబొట్టు కోసం ఓడంతా పరుగులు తీశాయి! ఆ పసివాడి ప్రాణం తక్కువదని నేను అనను. కాని నూకాలు చేతుల్లో ఉన్నది మాత్రం ప్రాణం కాదా?

నౌక సరంగు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "దొరా, తిన్నెలు చుట్టి పోవాలి. చేరేసరికి రేపు పొద్దెక్కుతుంది. దగ్గరి దారి తిన్నెల మధ్య సందు, ఆ మకరద్వారం ఒక్కటే. కాని..."

ఆ 'కాని' ఏమిటో అందరికీ తెలుసు. మకరద్వారానికి అటూ ఇటూ నలభై రాతి మొసళ్ళు ఉన్నాయి. పూర్వం ఒక ముని శాపానికి రాళ్ళయినవి. ఇనుము దగ్గరికి వస్తే వాటికి ప్రాణం వస్తుంది. రాజనౌక నిండా ఇనప మేకులే. కొబ్బరితాడుతో కుట్టిన తెప్పజనం పడవలు మాత్రమే ఆ దారిన పోగలవు. అక్కడి సుళ్ళు తెలిసినవాళ్ళూ తెప్పజనమే.

నౌక కింద ఒక్కటే పడవ ఉంది. అందులో గంగాలు ఉంది. పసుపంతా నీళ్ళకు కడుక్కుపోయి, గడ్డం మీద పచ్చబొట్టు ఎండలో స్పష్టంగా కనబడుతోంది. ఆమె తెడ్డును ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

"నీకు దారి తెలుసా?" అని అరిచాడు దళవాయి.

"తెలుసు."

"అయితే పద! వంద బంగారు వరహాలు ఇస్తాను!"

"నీ వరాలు నువ్వే ఉంచుకో. ముందు మాయోల్ల గొలుసులు ఇప్పించు."

"వచ్చాక విప్పిస్తాను. మాట ఇస్తున్నాను."

గంగాలు నవ్వింది. ఆ నవ్వులో పిసరంత సంతోషం లేదు. "మీ మాటలు సేనా ఇన్నాం బాబూ. ముద్రేసిన మాటలూ ఇన్నాం. నా కూతురు గొలుసు ముందు ఇప్పమని అడగడం నేదు. అందరిదీ ఇప్పు. ఆకరోడిది ఇప్పినాకే తెడ్డు నీట్లో ఎడతాను."

"ఆజ్ఞ ధిక్కరిస్తే నా తల పోతుంది!"

"నీదొక్కటేగా? ఈడ మూడొందలున్నాయి. ఆడ ఒకటి పాలకి నోరు తెరుస్తంది. నువ్వే ఆలోసించుకో. నాకేం తొందర నేదు."

తొందర లేదట! కూతురి భుజాల దాకా నీళ్ళు వచ్చాయని ఆమెకు కనబడుతూనే ఉంది. తెడ్డు మీద ఆమె వేళ్ళు తెల్లబడిపోయాయి. కాని గొంతు మాత్రం వణకలేదు.

భీమరథుడు ఆకాశంలో సూర్యుణ్ణి చూశాడు. ఆజ్ఞాపత్రం చూశాడు. ఒక్క పెడబొబ్బ పెట్టి ఆ పత్రాన్ని పరపరా చించి సముద్రంలో పారేశాడు. మొలలోంచి తాళంచెవులు తీసి భటుల మీదికి విసిరాడు.

"దూకండి! ఒక్కడు మునిగినా మీ చర్మాలు వలుస్తాను!"

భటులు దూకారు. నీళ్ళ కింద తడుముకుంటూ తాళాలు తీశారు. కేయూరుడూ దూకాడు. ఒక ముసలాయన తాళం తుప్పుపట్టి రాకపోతే నలుగురు కలిసి రాయినే పెకలించారు. నూకాలు గొలుసు వదిలేసరికి కెరటం ఆమె గడ్డం తాకుతోంది. పసిదాన్ని గంగాలుకు అందించి, పడవ అంచు పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చింది. గంగాలు మనవరాలి నుదుటి మీద నీళ్ళు తుడిచి, ముద్దు పెట్టుకుని, తిరిగి తల్లికే ఇచ్చేసింది. ఆమె కళ్ళు దిబ్బ మీద చివరి మనిషినే వెతుకుతున్నాయి. ఆ మనిషి కూడా రాజనౌక తాడు అందుకున్నాక తెడ్డు ఎత్తింది.

"ఎక్కండి. ఇనుమన్నది ఒంటి మీద ఉండకూడదు."

దళవాయి కత్తి తీసి నౌక మీదే వదిలాడు. కవచం విప్పాడు. బొడ్డు కత్తి, శిరస్త్రాణం, చివరికి మేకులున్న పాదరక్షలు కూడా వదిలి, ఒంటి పంచెతో, వట్టికాళ్ళతో పడవలోకి దిగాడు. అతని వెనక కేయూరుడు ఎక్కాడు.

పడవ మకరద్వారంలో ప్రవేశించింది. ఇరువైపులా పాచిపట్టిన రాతి మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని పడుకున్నాయి. నీళ్ళు కుమ్మరి సారెలా గిర్రున తిరుగుతున్నాయి. గంగాలు ఒక సుడి అంచున పడవను దొర్లించి ఇంకో సుడి అంచుకు ఎక్కిస్తోంది. దూరంగా రత్నగోపురం కోట బురుజులు సాయంకాలపు ఎండలో ఎర్రగా కనిపించాయి.

"తొందరగా! ఇంకా తొందరగా! పసివాడమ్మా!" అని దళవాయి గొల్లుమన్నాడు.

గంగాలు వెనక్కి తిరిగి అతన్ని ఎగాదిగా చూసింది.

"నా మనవరాలికి పన్నెండు రోజులు. మీ ఓడికి ఇరవై ఒకటి. ఎవుడి పసోడైనా పసోడే, అందుకే ఎల్తన్నాను. నువ్వేటి సేతులు ముడుసుకుని కూకున్నావు? దాన్ని గొలుసుకి కట్టిన సేతులేనా అవి? పట్టు తెడ్డు. ఎయ్యి!"

దళవాయి భీమరథుడు మారుమాట లేకుండా రెండో తెడ్డు అందుకుని వేశాడు.

కోట మీద మొదటి భేరి మోగింది. మూడో భేరికి శంఖంలో పాలు పోస్తారు.